‘పని ఆరంభము’ అను మీట

రేడియో స్టూడియో తలుపుపైన ఒక చిన్న ఎఱ్ఱదీపము ఉండును. అది వెలిగిన దనగా లోపలివారి మాట ప్రసారమగుచున్నదని అర్థము. దీపము వెలుగక పూర్వము ప్రసంగకర్త గొంతు సవరించుకొనవచ్చును, కాగితములు సర్దుకొనవచ్చును. వెలిగిన పిదప ఆయన పలికిన ప్రతి మాటయు వేలకొలది యిండ్లలో వినబడును. ఆ క్షణముననే డ్యూటీలో నున్నవారు తమ పుస్తకమున గంటయు నిమిషమును వ్రాసికొందురు. ఏ కార్యక్రమము ఎప్పుడు మొదలు కావలెనో పత్రికలో ముందుగనే అచ్చయి యుండును. అది ఎప్పుడు మొదలైనదో మాత్రము ఆ పుస్తకమే చెప్పవలెను. మొదలు కావలసిన వేళకును, మొదలైన వేళకును గల ఈ భేదమే నేటి ప్రసంగమునకు విషయము.

కర్మాగారములలో పనిచేయు బిడ్డలు గల యిండ్లలో ఈ మధ్య ఒక క్రొత్తమాట వినబడుచున్నది. సాయంకాలము ఇల్లు చేరిన కుమారుడు, “పని నేను చేసినాను గాని, సిస్టములో స్టార్ట్ కొట్టుట మరచినాను, ఫోర్‌మన్ కోపగించినాడు” అనును. తల్లికి ఆశ్చర్యము కలుగును. పని చేసిన పిదప కోపమెందులకు? మీట నొక్కినంత మాత్రమున ఇనుము కరగునా? నొక్కకున్న యంత్రము ఆగునా? తల్లి అడిగిన ప్రశ్న చిన్నది కాదు. దానికి సమాధానము చెప్పుటకే మేము పూనుకొన్నాము.

ముందుగా పాత పద్ధతిని జ్ఞప్తికి తెచ్చుకొందము. ఇంజనీరింగు కార్ఖానాలలో ప్రతి పనికిని ఒక జాబ్‌కార్డు ఉండెడిది. చిన్న చోట్ల నేటికిని ఉన్నది. ఏ వస్తువు, ఎన్ని, ఏ డ్రాయింగు ప్రకారము, ఏయే యంత్రములపైన, ఏ వరుసలో చేయవలెనో ఆ అట్టమీద వ్రాసి యుండును. నూనె మరకలతో, మడతలతో ఆ కార్డు వస్తువు వెంటనే నడచుచుండును. పని ఎంతవరకు వచ్చినదో తెలిసికొనుటకు యజమాని కార్ఖానా అంతయు కలయ తిరుగవలసి వచ్చెడిది. హెన్రీ గాంట్ అను అమెరికా దేశపు ఇంజనీరు (1861–1919) అనుకొన్న పనిని, జరిగిన పనిని ఒకే పటముపైన గీతలుగా చూపు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను. ఆ పటములు నేటికిని ఆయన పేరనే వాడుకలో నున్నవి. 1964లో జోసెఫ్ ఆర్లికీ అను ఇంజనీరు, ఏ వస్తువునకు ఏ ముడిసరుకు ఎప్పుడు కావలెనో కంప్యూటరుతో లెక్కకట్టు విధానమును రూపొందించెను. దానినే ఎమ్.ఆర్.పి. అందురు. కాని ఆ లెక్క ఏమి కావలెనో చెప్పగలదు గాని, యంత్రముల నడుమ ఈ నిమిషమున ఏమి జరుగుచున్నదో చెప్పలేదు. ఆ లోటు తీర్చుటకే ఉత్పత్తిని అడుగడుగున గమనించు సాఫ్ట్‌వేరు పుట్టినది. 1990 తరువాతి సంవత్సరములలో దీనికి ఎమ్.ఇ.ఎస్. అను పేరు వ్యాపించినది.

ఈ కథలో మన యిండ్లకు తెలిసిన వస్తువు ఒకటి ఉన్నది. కూరగాయల బండివద్ద డబ్బు చెల్లించుటకు ఫోనుతో చూపు నలుపు తెలుపుల చదరపు గుర్తును ఎరుగనివారు నేడు అరుదు. ఆ క్యూ.ఆర్. గుర్తు పుట్టినది డబ్బుకొఱకు కాదు. 1994లో జపానునందలి డెన్సో సంస్థకు చెందిన మసాహిరో హారాయు, ఆయన తోడివారును మోటారు వాహనముల విడిభాగముల జాడ తెలియుటకై దానిని కల్పించిరి. అనగా కార్ఖానాలో పుట్టిన గుర్తే కూరల బండికి వచ్చినది. నేటి జాబ్‌కార్డుపైన గూడ ఆ గుర్తే ఉండును. పనివాడు దానిని స్కానరుతో చూపి, తెరపైన కనబడు ‘ఆరంభము’ అను మీట నొక్కును.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ సాఫ్ట్‌వేరులో ఒక పనికి నాలుగైదు దశలు ఉండును. మొదటిది ప్రణాళిక, రెండవది విడుదల, మూడవది ఆరంభము, నడుమ విరామము, చివర పూర్తి. వీటిలో విడుదలకును ఆరంభమునకును భేదము గ్రహించినవారు సగము శాస్త్రము నేర్చినట్లే. మన పెండ్లినే ఉదాహరణముగా తీసికొందము. శుభలేఖలో ముహూర్తము రాత్రి 9 గంటల 14 నిమిషములని అచ్చువేయుదురు. అది ప్రణాళిక. పురోహితుడు వచ్చి, వధూవరులు పీటలమీద కూర్చుండి, తెర పట్టినప్పుడు అన్నియు సిద్ధమైనవని అర్థము. అది విడుదల. జీలకఱ్ఱ బెల్లము తలపైన పెట్టిన క్షణమే ఆరంభము. శుభలేఖ చూచి ఎవ్వరును పెండ్లి అయినదని చెప్పరు. విడుదల అనగా అనుమతి. ఆరంభము అనగా జరిగిన సంగతి. అనుమతిని జరిగిన సంగతిగా వ్రాయుటయే ఈ విద్యలోని మొదటి తప్పు.

హైదరాబాదు బాలానగరము వంటి చోట ఒక చిన్న కార్ఖానా ఉన్నదని ఊహింతము. అచ్చట నీటిపంపులకు వలయు ఉక్కు షాఫ్టులు చేయుదురు. ఒక విడతకు 40 షాఫ్టులు. మొదట కడ్డీ కోయవలెను, పిదప లేతు యంత్రముపైన తరిమెన పట్టవలెను, ఆ తరువాత కీ గాడి తీయవలెను, అటుపిమ్మట గ్రైండింగు, కట్టకడపట తనిఖీ. లేతువద్ద నున్న పనివాడు ఆరంభము నొక్కుటకు ముందు ఐదు సంగతులు చూడవలెను. కడ్డీ చేతికి వచ్చినదా? ముందటి పని, అనగా కోత, పూర్తి అయినట్లు తెరపైన ఉన్నదా? చేతనున్న డ్రాయింగు క్రొత్త రివిజనా, పాతదా? కొలిచెడి మైక్రోమీటరు పరీక్ష గడువు దాటలేదు గదా? ఆ యంత్రమును నడుపుటకు తనకు అధికారము ఉన్నదా? మంచి సాఫ్ట్‌వేరు ఈ ప్రశ్నలను తానే అడుగును. ఒక్కదానికి ‘లేదు’ అను సమాధానము వచ్చినను మీటను పనిచేయనీయదు. కొంచెము విసుగు కలిగించు నడ్డంకియే గాని, పాత డ్రాయింగు ప్రకారము 40 షాఫ్టులు చెడగొట్టుటకంటె ఆ విసుగు మేలు.

మీట నొక్కినంతనే తెరవెనుక అనేక కార్యములు జరుగును. గంట, నిమిషము, సెకను నమోదగును. ఎవరు, ఏ యంత్రముపైన మొదలిడిరో వ్రాయబడును. ఏ కట్టలోని కడ్డీ వాడబడుచున్నదో ఆ కట్ట సంఖ్య షాఫ్టులతో ముడిపడును. రేపు ఒక షాఫ్టు విరిగిన, ఆ కట్టనుండి వచ్చిన తక్కిన షాఫ్టులు ఎవరికి చేరినవో ఈ ముడి పట్టుకొనియే వెదకగలరు. డ్రాయింగు రివిజను ఆ విడతకు స్థిరపడును. తరువాత ఎవరు మార్చినను ఈ విడతకు ఏది వర్తించినదో తెలియును. స్టోర్సు లెక్కలోని సరుకు ‘పనిలో నున్న సరుకు’ అను పద్దులోనికి మారును. కొన్ని కార్ఖానాలలో సరుకు ఖర్చును ఆరంభముననే వ్రాయుదురు. మరికొన్నిటిలో పని పూర్తి అయిన పిదప, తయారైన సంఖ్యనుబట్టి వెనుకకు లెక్కకట్టి తగ్గింతురు. ఏ పద్ధతి అవలంబించినను అందరును ఒకే పద్ధతిని పాటింపవలెను. లేనిచో ఒకే కడ్డీ రెండుమార్లు ఖర్చగును, లేదా ఒక్కమారును కాకుండును.

ఇప్పుడు కొంచెము లెక్క చేయుదము. లేతుపైన పనిముట్లు అమర్చుటకు 30 నిమిషములు, ఒక్కొక్క షాఫ్టునకు 6 నిమిషములు పట్టుననుకొందము. 40 షాఫ్టులకు 240 నిమిషములు. అమరికతో కలిపి 270. ఉదయము 8 గంటలకు మొదలిడిన పని మధ్యాహ్నము 12 గంటల 30 నిమిషములకు ముగియవలెను. పనివాడు 8 గంటలకే మీట నొక్కినాడు. కాని స్టోర్సునుండి కడ్డీ వచ్చుసరికి 8 గంటల 45 నిమిషములైనది. అతడు ఒక్క నిమిషమైనను వృథాచేయక పనిచేసి ఒంటిగంట 15 నిమిషములకు ముగించినాడు. కంప్యూటరునకు తెలిసినదేమి? పని 315 నిమిషములు పట్టినది. అమరిక తీసివేసిన 285. అనగా షాఫ్టునకు 7 నిమిషములకు పైగా పట్టినదని అది నమ్మును. కడ్డీ ఆలస్యమైన సంగతి ఎచ్చటను లేదు. స్టోర్సు తప్పు పనివాని నెమ్మదిగా మారినది. పై నెలలో ఎవరో కాగితము తీసి, “ఇతడు చేతకానివాడు” అందురు. లేదా పంపు ధర నిర్ణయించువారు 7 నిమిషముల లెక్కను పట్టుకొని ధర పెంచుదురు; కొనువారు వేరొక అంగడికి పోవుదురు.

అతడు చేయవలసిన దేమి? కడ్డీ చేతికి వచ్చిన పిదప మీట నొక్కవలెను. అంతవరకు తెరపైన ‘సరుకునకై వేచియున్నాను’ అను కారణము చూపవలెను. పని నడుమ కరెంటు పోయిన, పనిముట్టు విరిగిన, విరామము నొక్కి కారణము వ్రాయవలెను. అమరిక కాలమును, నడిచిన కాలమును వేరుగా నమోదు చేయవలెను. ఇది యజమాని కొఱకు మాత్రమే కాదు. నిజమైన ఆరంభకాలము పనివానికి సాక్షి. ఆ సాక్షిని తన చేతితోనే చెరుపుకొనువాడు రేపు తన పక్షమున మాటలాడువారు లేకుండ చేసికొనుచున్నాడు.

కొందఱు దీనికి విరుద్ధముగా, రోజంతయు పనిచేసి సాయంకాలము ఒక్కసారిగా ఆరంభము, పూర్తి అను రెండు మీటలను వెంటవెంటనే నొక్కుదురు. 40 షాఫ్టులు కొన్ని సెకనులలో తయారైనట్లు కంప్యూటరు వ్రాసికొనును. అట్టి లెక్కలు పది చేరిన పిదప, తక్కిన నిజమైన లెక్కలను గూడ ఎవరును నమ్మరు.

మూడవ తప్పు మంచి ఉద్దేశముతో చేయబడును. తెల్లవారగనే ఫోర్‌మన్ విడుదలైన పనులన్నింటిని ఆరంభించుమని చెప్పును. అన్నియు మొదలైనవని తెర పచ్చగా కనబడును. పై అధికారికి సంతోషము కలుగును. రెండు పొయ్యిలు గల వంటింటిలో ఆరు గిన్నెలు ఒకేసారి ఎక్కించిన గృహిణి ఎవరైనను ఉన్నదా? పప్పు సగము ఉడికి దిగును, అన్నము సగము ఉడికి దిగును, భోజనము వేళకు ఏదియు సిద్ధముగా నుండదు. దీనికి లెక్క గూడ ఉన్నది. 1961లో జాన్ లిటిల్ అను అమెరికా పండితుడు ఒక సూత్రమును నిరూపించెను. పనిలో నున్న వస్తువుల సగటు సంఖ్యను, దినమునకు ముగియు సంఖ్యతో భాగించిన, ఒక్కొక్క వస్తువు లోపల ఎన్ని దినములు గడుపునో తెలియును. దినమునకు 60 షాఫ్టులు ముగించు కార్ఖానాలో 300 షాఫ్టులు మొదలై యున్నచో, ఒక్కొక్కటి సగటున 5 దినములు లోపలనే ఉండును. 120 మాత్రమే మొదలిడిన, 2 దినములలో బయటపడును. యంత్రములు అవే, మనుష్యులు వారే. కాని మొదలిడుటలోని నిగ్రహము మూడు దినములు మిగిల్చినది. జపానునందు టొయోటా సంస్థలో తాయిచి ఓనో అను ఇంజనీరు నెలకొల్పిన కాన్‌బాన్ పద్ధతికి ప్రాణము ఇదియే. ముందరి బల్లనుండి కార్డు వచ్చిన గాని వెనుక బల్లవాడు క్రొత్త పని మొదలిడరాదు. ఖాళీగా నున్నామని మొదలిడుట అచ్చట గుణము కాదు, దోషము.

ఇంతవరకు ఇనుము సంగతి. ఇప్పుడు మన దేహమునకు సంబంధించిన సంగతి. 1961లో ఏర్పడిన ప్రభుత్వ ఔషధ సంస్థ ఐ.డి.పి.ఎల్. హైదరాబాదులో కర్మాగారము నెలకొల్పినది మొదలు ఆ నగరము మందుల తయారీకి పేరుపొందినది. అచ్చట పని నేర్చిన కల్లం అంజిరెడ్డిగారు తరువాత 1984లో తమ పేర డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించిరి. మాత్రలు చేయు చోట ‘ఆరంభము’ అను మాటకు బరువు ఎక్కువ. క్రొత్త విడత మొదలిడుటకు ముందు లైన్ క్లియరెన్సు అను పరీక్ష జరుగును. ముందటి మందు పొడి యంత్రములో మిగిలినదా, పాత లేబులు ఒక్కటైనను బల్లక్రింద పడియున్నదా అని ఒకరు చూతురు. వారు చూచినది సరియా అని మరియొకరు చూతురు. ఇద్దఱి సంతకములు పడిన గాని ఆరంభము లేదు. రక్తపు పోటు మందు పెట్టెలో మధుమేహపు మందు లేబులు పడినచో ఏమగునో మీకు వేరుగ చెప్పనక్కఱలేదు. మన యింటిలో తాతగారు కన్నులు మూసికొని మ్రింగు మాత్ర వెనుక ఆ రెండు సంతకములు ఉన్నవి.

సంతకములు కంప్యూటరులోనికి వచ్చిన పిదప వానికిని కట్టుబాట్లు వచ్చినవి. అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ శాఖ 1997లో ఈ విషయమై నియమములు చేసినది. ఆ దేశమునకు మందులు పంపువారు వానిని పాటింపవలసినదే. వానిలో ముఖ్యమైనది ఇది: ఒక నమోదును దిద్దవచ్చును గాని, పాత నమోదు కనబడకుండ చేయరాదు. ఎవరు, ఎప్పుడు మార్చిరో జాడ మిగులవలెను. పొరపాటున ఒక పని బదులు వేరొక పని ఆరంభించుట మానవసహజము. దానిని రద్దు చేయుటకు మార్గము ఉండవలెను. కాని ఆ రద్దు, రబ్బరుతో తుడిచినట్లు కాక, బడి పంతులు తప్పుపైన గీత గీసి ప్రక్కన ఒప్పు వ్రాసినట్లు ఉండవలెను. అట్లే ఒకరి సంకేతపదముతో మరియొకరు ఆరంభము నొక్కుట స్నేహమని తలంచువారు కలరు. అది స్నేహము కాదు. ఒకని చేతి పనికి మరియొకని మెడ తాకట్టు పెట్టుట.

ఈ మాట మేము పుస్తకములు చదివి చెప్పుట లేదు. ఇరువది యేండ్ల క్రిందట మేము క్రొత్తగా ఉద్యోగమున చేరినప్పుడు, పని త్వరగా తెమలునని, రాత్రి ప్రసారముల ఆరంభ వేళలను పుస్తకములో ముందుగనే వ్రాసి యుంచెడివారము. ఒకనాడు ప్రసంగము 7 గంటల 15 నిమిషములకు మొదలైనట్లు 7 గంటలకే వ్రాసినాము. రికార్డు చేసిన ప్రసంగము సమయమునకు దొరకలేదు. వెదకి తెచ్చుటకు రెండు నిమిషములు పట్టినది. ఆ రెండు నిమిషములు ప్రసారమున నిశ్శబ్దము. మరునాడు శ్రోత యొకరు ఉత్తరము వ్రాసిరి. విచారణ జరిగినది. పుస్తకము తీసి చూచిరి. ప్రసంగము 7 గంటల 15 నిమిషములకు మొదలైనదని మా వ్రాత స్పష్టముగా ఉన్నది. ప్రసంగము స్టూడియోలో మొదలై బయట వినబడలేదనగా, తప్పు యంత్రములు చూచుకొను మా సహోద్యోగిదే కావలెనని అందరును తలంచిరి. ఇరువది యేండ్లు మచ్చలేక పనిచేసిన పెద్దమనిషి ఆయన. తలవంచుకొని నిలిచి, “నా యంత్రము సరిగనే ఉన్నదయ్యా” అని ఒక్క మాట అనెను. మేము అప్పుడు లేచి నిజము చెప్పితిమి. మందలింపు మాకు దక్కినది, దక్కవలసినదే. కాని మేము నోరు విప్పుటకు ముందు గడచిన ఆ కొన్ని నిమిషములు ఆయన ముఖము ఎట్లున్నదో మేము నేటికిని మరువలేదు. ఆనాటి మా వ్రాతలో అబద్ధమాడవలెనను కోరిక లేదు. ఉన్నది తొందర మాత్రమే. తొందరగా వ్రాసిన ఆరంభము ఒక నిర్దోషి మీదికి పోయినది.

కావున యజమానులకు ఒక మాట. ఆరంభము నొక్కని పనివానిని కోపగించుటకు ముందు, ఆ మీట అతని చేతికి అందుబాటున ఉన్నదా అని చూడుడు. యంత్రమునుండి కంప్యూటరు ముప్పది అడుగుల దూరమున నుండి, అచ్చట నలుగురు వరుసలో నిలిచియున్నచో, నిజమైన వేళ ఎవరును వ్రాయరు. తెరపైని మాటలు పనివానికి తెలిసిన భాషలో ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ‘సరుకునకై వేచియున్నాను’ అని నిజము వ్రాసినవానిని దండింపరాదు. నిజము చెప్పినందుకు ఒక్కమారు దండన పొందినవాడు రెండవమారు కంప్యూటరునకు సంతోషము కలిగించు అంకెలే వ్రాయును.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వత్తము. మీట నొక్కకున్నను ఇనుము తెగును, నిజమే. కాని తెగిన ఇనుము ఎవరి చేతిలో, ఏ కడ్డీనుండి, ఏ వేళ తెగినదో చెప్పువారు ఉండరు. అమ్మా, నీ కుమారుడు సాయంకాలము ఇల్లు చేరినప్పుడు, పని చేసినావా అని మాత్రమే గాక, మొదలిడిన వేళ నిజముగా వ్రాసినావా అని గూడ అడుగుము. అది ఫోర్‌మన్ కోపమును తప్పించుకొనుటకు కాదు. అతని కష్టము అతని పేరుననే నిలుచుటకు, ఇతరుల ఆలస్యము అతని తలపైకి రాకుండుటకు, అతని ఆలస్యము ఇతరుల తలపైకి పోకుండుటకు.